మ్యూజిక్ మైనర్‌కి అయ్యే ఖర్చు ఎంత, కాలేజీకి అయ్యే ఖర్చు ఎంత?

ప్రశ్న: మేం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. మా అమ్మాయి ఆరేళ్ళ వయసు నుంచి కర్ణాటక వయోలిన్ నేర్చుకుంటోంది, స్కూల్ ఆర్కెస్ట్రాలోనూ వాయిస్తుంది. పెన్సిల్వేనియాలో సుమారు రెండు వేల మంది చదివే ఒక చిన్న కాలేజీలో కంప్యూటర్ సైన్స్ మేజర్ (ప్రధాన చదువు), మ్యూజిక్ మైనర్ (దాని పక్కన చేసే చిన్న చదువు) చేస్తానంటోంది. అక్కడ హాస్టల్, భోజనంతో కలిపి ఏడాదికి 84,000 డాలర్లు. మెరిట్ స్కాలర్‌షిప్ 30,000, ఆడిషన్ విన్నాక మ్యూజిక్ స్కాలర్‌షిప్ 5,000 ఇచ్చారు. మా స్టేట్ యూనివర్సిటీలో అయితే అన్నీ కలిపి 36,000. మా ఇద్దరి జీతాలు 2,10,000. అందులోంచి 45,000 ట్రెడిషనల్ 401కెలో (పన్నుకు ముందే జీతంలోంచి దాచుకునే రిటైర్మెంట్ ఖాతా) వేస్తున్నాం. పాప 529 ఖాతాలో (కాలేజీ చదువు కోసం పన్ను మినహాయింపుతో దాచే ఖాతా) 1,40,000, ఎనిమిదో తరగతిలో ఉన్న బాబు ఖాతాలో 60,000 ఉన్నాయి. జీతాల్లోంచి నెలకు 1,500 ఇవ్వగలం. మావారు "సంగీతం కోసం ఏడాదికి 13 వేలు ఎక్కువ కట్టాలా?" అంటున్నారు. తప్పదంటే నాలుగేళ్ళు 401కె ఆపేద్దామంటున్నారు. పైగా పాప 8,000 డాలర్ల వయోలిన్ కావాలంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా ఒక మాట. ఆ 13 వేలు సంగీతానికి కడుతున్నది కాదు, చిన్న ప్రైవేటు కాలేజీకి కడుతున్నది. పాప వయోలిన్ పక్కన పెట్టేసి అక్కడే చేరినా ఆ తేడా ఉంటుంది. పైగా 5,000 స్కాలర్‌షిప్ పోతుంది కాబట్టి ఇంకా పెరుగుతుంది. ఇంట్లో ఈ రెండు లెక్కలనూ కలిపి వాదించుకుంటున్నంత కాలం సంగీతం మీదే నింద పడుతుంది, పాప మనసు కష్టపడుతుంది. అందుకే విడివిడిగా చూద్దాం.

మైనర్ అంటే మామూలుగా ఐదారు కోర్సులు: థియరీ, సంగీత చరిత్ర, వాద్య పాఠాలు, ఆర్కెస్ట్రా లేదా ఛాంబర్ బృందంలో వాయించడం. ఇవి డిగ్రీకి కావాల్సిన క్రెడిట్లలోనే సర్దుకుంటాయి, కాబట్టి వీటికి వేరే ట్యూషన్ ఉండదు. డబ్బు పోయేది రెండు చోట్ల. ఒకటి, గురువు దగ్గర ఒంటరిగా నేర్చుకునే పాఠాలకు చాలా కాలేజీలు సెమిస్టర్‌కి ఇంత అని విడిగా వసూలు చేస్తాయి. కొన్ని చోట్ల మేజర్ వాళ్ళకే మాఫీ, కొన్ని చోట్ల మైనర్‌గా నమోదైతే మాఫీ, కొన్ని చోట్ల స్కాలర్‌షిప్ ఉన్నవాళ్ళకు మాఫీ. రెండు, సెమిస్టర్‌కి ఇన్ని క్రెడిట్ల వరకే ఒకే ట్యూషన్ అని హద్దు ఉంటుంది. కంప్యూటర్ సైన్స్ ల్యాబులతో పాటు ఆర్కెస్ట్రా, పాఠాలు కలిస్తే ఆ హద్దు దాటి అదనపు బిల్లు రావచ్చు. ఈ రెండు విషయాలూ మ్యూజిక్ డిపార్ట్‌మెంట్‌ని ఈమెయిల్‌లో అడగండి. ఫోన్లో చెప్పిన మాట మీద ఆధారపడవద్దు. పాఠాలకు సెమిస్టర్‌కి 900 అనుకుని లెక్క వేస్తున్నాను. ఎనిమిది సెమిస్టర్లకు 7,200. సంగీతానికి మీరు అదనంగా పెట్టేది ఇదీ.

ఇక కాలేజీ లెక్క. ఏడాదికి 13 వేల చొప్పున నాలుగేళ్ళకు 52 వేలు అని మీరు అనుకుంటున్నారు. అసలు తేడా అంతకన్నా ఎక్కువ. ఫీజులు ఏటా పెరుగుతాయి, స్కాలర్‌షిప్ మాత్రం సాధారణంగా మొదటి ఏడాది ఇచ్చినంతే ఉంటుంది. ఫీజు ఏడాదికి 4 శాతం పెరిగినా 84,000 మీద 3,360 పెరుగుతుంది. మీరు కట్టే 49,000 మీద చూస్తే అది దాదాపు 7 శాతం. ఇలా నాలుగేళ్ళు వేస్తే చిన్న కాలేజీకి మీ చేతి నుంచి పోయేది సుమారు 2,16,700, స్టేట్ యూనివర్సిటీకి 1,52,900. తేడా దగ్గర దగ్గర 64 వేలు. నిర్ణయం ఈ అంకె చూసి తీసుకోవాలి.

401కె ఆపడం గురించి గట్టిగా చెబుతున్నాను, అది చేయకండి. మీ జీతాల్లోంచి 45,000 తీసేస్తే పన్ను లెక్కలో మీ ఆదాయం 1,65,000 దగ్గర నిలుస్తుంది. కాలేజీ ఫీజులకు ఇచ్చే అమెరికన్ ఆపర్చునిటీ ట్యాక్స్ క్రెడిట్ (కట్టాల్సిన పన్నులోంచి నేరుగా తగ్గే మొత్తం) భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తే 1,60,000 వరకు పూర్తిగా, అంటే ఏడాదికి 2,500 వస్తుంది. అక్కడి నుంచి తగ్గుతూ 1,80,000 దగ్గర సున్నా అవుతుంది. 1,65,000 దగ్గర మీకు 1,875 వస్తుంది, నాలుగేళ్ళకు 7,500. 401కె ఆపిన మరుక్షణం మీ ఆదాయం 2,10,000 అయిపోతుంది, ఈ క్రెడిట్ మొత్తం పోతుంది. దానికి తోడు 45,000 మీద 22 శాతం ఫెడరల్ పన్ను, అంటే 9,900, ఆ పైన న్యూజెర్సీ పన్ను. మీరు వేసినదానికి కంపెనీ కూడా కొంత జోడిస్తుంటే (మ్యాచ్) అదీ పోయినట్టే. మీవారికి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి.

ఈ క్రెడిట్‌కి ఒక మెలిక ఉంది. 529లోంచి పన్ను లేకుండా తీసిన డబ్బుతో కట్టిన ఫీజుకి మళ్ళీ క్రెడిట్ అడగకూడదు. అందుకని ఏటా కనీసం 4,000 డాలర్ల ట్యూషన్‌ని మీ జీతం డబ్బుతోనే కట్టి రసీదు దాచుకోండి. నెలకు 1,500 ఎలాగూ ఇస్తున్నారు కాబట్టి ఇది కష్టం కాదు. జీతాలు పెరిగేకొద్దీ క్రెడిట్ తగ్గుతుందని మాత్రం గుర్తుంచుకోండి.

ఇప్పుడు కూడదాం. 529లో 1,40,000, నెలకు 1,500 చొప్పున నాలుగేళ్ళకు 72,000, క్రెడిట్ 7,500. మొత్తం 2,19,500. ఖర్చు 2,16,700కి పాఠాల 7,200 కలిపితే 2,23,900. కొరత నాలుగున్నర వేల లోపు. మొదటి ఏడాది విద్యార్థి తన పేరు మీదే 5,500 వరకు ఫెడరల్ డైరెక్ట్ లోన్ తీసుకోవచ్చు, దానికి ఫాఫ్సా (ఫెడరల్ ఆర్థిక సాయం కోసం పెట్టే దరఖాస్తు) ఫారం నింపి ఉండాలి. ఆ అప్పు పాప ఉద్యోగంలో చేరాక ఏడాది తిరగకుండానే తీర్చగలదు. 529 పెరుగుదలని నేను లెక్కలోకి తీసుకోలేదు. నాలుగేళ్ళలో ఖర్చయ్యే డబ్బు స్టాక్ మార్కెట్లో ఉండకూడదు, ఇంకా అక్కడే ఉంటే ఈ నెలలోనే మార్చండి.

తల్లిదండ్రుల పేరు మీద ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే పేరెంట్ ప్లస్ లోన్ జోలికి వెళ్ళొద్దు. నాలుగు శాతానికి పైగా ఫీజు ముందే కోసుకుని మిగతాది ఇస్తారు. 2026 జులై నుంచి కొత్తవాళ్ళకు ఏడాదికి 20,000, ఒక్కో విద్యార్థికి మొత్తం 65,000 అని పరిమితి కూడా పెట్టారు. బాబు 60,000 కూడా ముట్టుకోకండి. వాడికి నాలుగేళ్ళలో ఇదే పరిస్థితి వస్తుంది.

కాబట్టి నా అభిప్రాయం: పంపించవచ్చు. మీ దగ్గర ఆ డబ్బు ఉంది, ఎవరి భవిష్యత్తునూ కదపకుండా ఉంది. అయితే ఆ 64 వేలకు ఏం వస్తుందో కూడా చూడండి. పెద్ద యూనివర్సిటీల్లో మంచి ప్రొఫెసర్ల సమయం సాధారణంగా మ్యూజిక్ మేజర్లకే సరిపోతుంది. మైనర్ చేసేవాళ్ళకు పాఠాలు గ్రాడ్యుయేట్ విద్యార్థులు చెప్పడం మామూలే. చిన్న కాలేజీలో కంప్యూటర్ సైన్స్ పిల్ల ఆర్కెస్ట్రాలో ముందు వరసలో కూర్చోగలదు. పన్నెండేళ్ళు సాధన చేసిన పిల్లకు అది చిన్న విషయం కాదు. దాంతో పాటు అక్కడి కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు గత రెండేళ్ళలో ఎక్కడ ఉద్యోగాల్లో చేరారో కాలేజీ కెరీర్ ఆఫీసుని అడగండి. జవాబు దాటవేస్తే నేనైతే స్టేట్ యూనివర్సిటీ వైపే మొగ్గుతాను. అక్కడా మ్యూజిక్ మైనర్ ఉంటుంది.

ఒక విషయం పాపతో మాట్లాడండి. ఇలాంటి మైనర్లలో నేర్పేది ఎక్కువగా పాశ్చాత్య సంగీతమే. కనెక్టికట్‌లోని వెస్లియన్ యూనివర్సిటీలో 1960ల నుంచి కర్ణాటక సంగీతం నేర్పుతున్నారు కానీ అలాంటివి అరుదు. కాబట్టి ఇప్పటి గురువుగారి దగ్గర ఆన్‌లైన్ క్లాసులు కొనసాగించాలనుకుంటే ఆ ఫీజు వేరుగా పెట్టుకోవాలి. దానికి 529 డబ్బు వాడకూడదు, కాలేజీ క్రెడిట్‌కి వసూలు చేసే పాఠాల ఫీజుకైతే వాడవచ్చు.

వయోలిన్ ఇప్పుడే కొనకండి. అక్కడ ఒక సెమిస్టర్ గడిచాక, కొత్త టీచర్ వాయిద్యం విని చెప్పాక చూడొచ్చు. అద్దె కొంత కొనుగోలులో కలిపే దుకాణాలు ఉన్నాయి, ముందు అలా తీసుకోండి. కోర్సుకి ఆ వాయిద్యం తప్పనిసరి అని కాలేజీ రాసిస్తే తప్ప 529లోంచి కొనే ఆలోచన పెట్టుకోవద్దు. ఇప్పుడున్న వయోలిన్‌ని హాస్టల్‌కి పంపేముందు మీ ఇంటి ఇన్సూరెన్స్‌లో విడిగా చేర్పించండి.

మే 1 లోపు నిర్ణయం చెప్పాలి కాబట్టి ఈ వారమే ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి రాయండి. స్టేట్ యూనివర్సిటీ ఆఫర్ జత చేసి, మెరిట్ ఇంకో 3,000 పెంచగలరా, పాఠాల ఫీజు మాఫీ చేయగలరా అని అడగండి. మ్యూజిక్ స్కాలర్‌షిప్ నిలవాలంటే ప్రతి సెమిస్టర్ ఆర్కెస్ట్రాలో ఉండాలా, ఎంత జీపీఏ ఉండాలి, విదేశంలో ఒక సెమిస్టర్ చదివితే ఆగిపోతుందా అన్నవి కూడా అదే ఉత్తరంలో అడగండి. పాప చేతే రాయించండి. ఆడిషన్ విని మెచ్చుకున్న ఆర్కెస్ట్రా డైరెక్టర్‌కి కూడా ఒక కాపీ పంపమనండి.