ఊళ్లో లేనివారు పొలం హద్దును, స్వాధీనాన్ని ఎలా కాపాడుకోవాలి?

కొత్త కంచె కన్నా ముందు గట్టు వెంట పెరిగిన కంపను తీయించడం అవసరం, ఎందుకంటే సర్కారు తుమ్మ కమ్ముకున్నచోట సర్వే రాయి కనబడదు, అప్పుడు పక్కవారు ఏటా ఒక్కో సాలు లోపలికి దున్నుకువచ్చినా తెలియదు. తుమ్మను పైపైన కొట్టిస్తే మోడు మళ్లీ చిగురిస్తుంది కనుక, వానలకు నేల మెత్తబడ్డప్పుడు వేళ్లతో పెళ్లగించాలి. నిప్పు మాత్రం పెట్టవద్దు, పక్క పొలంలోని గడ్డివాము అంటుకుంటే తగాదా మన మెడకే చుట్టుకుంటుంది. రాయి దొరకకపోతే మీసేవలో కొలతకు దరఖాస్తు చేసి, పొరుగు రైతుల సమక్షంలో హద్దు వేయించాకే కడీలు పాతించాలి.

ఇప్పటికే ఎవరైనా దౌర్జన్యంగా ఆక్రమించి ఉంటే, 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద 6 నెలల్లోగా దావా వేసి, యాజమాన్య హక్కు నిరూపించకుండానే స్వాధీనం తిరిగి కోరవచ్చు.