సగంలో ఆగిన బొంతలు: డబ్బాలు కొనేముందు ఒక్కసారి ఇది చదవండి

మీ ప్రశ్న చదువుతుంటే నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. లాక్‌డౌన్‌లో వీడియోలు చూసి క్విల్టింగ్, అంటే ముక్కలు అతికి బొంతలు కుట్టడం, మొదలుపెట్టారు. ఇప్పటికి తొమ్మిది పనులు సగం సగంలో ఉన్నాయి. కూకట్‌పల్లి ఫ్లాట్‌లో మెషీన్ ఉన్న గదిలో కాలు పెట్టే చోటు లేదు, ఏ సంచీలో ఏముందో గుర్తు లేదు. ప్లాస్టిక్ డబ్బాలు కొనాలా, కార్పెంటర్‌ని పిలిచి అల్మరా చేయించాలా అని అడిగారు. నా దగ్గర ఒకప్పుడు పద్నాలుగు ఉండేవి. మల్కాజిగిరిలో మాది రెండు పడకగదుల ఇల్లు. బాల్కనీకి అద్దాలు పెట్టించి అందులో నా ఉషా మెషీన్ వేసుకున్నాను. కుట్టు గది అంటే అంతే.

డబ్బాలు ఇప్పుడే కొనకండి. నేను కొన్నాను. బేగంబజార్ నుంచి ఆటోలో ఆరు పెద్ద డబ్బాలు తెచ్చి, అన్నీ మడిచి సర్ది, మూతలు బిగించి సజ్జ మీదకి ఎక్కించాను. బాల్కనీ అద్దంలా తయారైంది, ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. ఆ తర్వాత రెండేళ్ళపాటు అందులోంచి ఒక్క బొంత కిందికి దిగలేదు.

ఎందుకంటే, ఎప్పుడైనా బుద్ధి పుట్టి ఒక డబ్బా దింపితే అందులో ఓ గుప్పెడు ముక్కోణాలు కనిపించేవి. ఇవి ఎన్ని కావాలి, ఎన్ని కత్తిరించాను? కుట్టుకు పావు అంగుళం కలిపి కత్తిరించానా, కలపకుండానా? పక్కన ఏ రంగు రావాలి? అరగంట తల గోక్కుని, టీ టైమ్ అయిందని మూత పెట్టేసేదాన్ని. మనకి చోటు తక్కువై పనులు ఆగడం లేదండీ. ఎక్కడ ఆపామో గుర్తు లేక ఆగుతున్నాయి. అందుకే సర్దడం రంగును బట్టి, సైజును బట్టి కాకుండా, ఆగిన చోటును బట్టి జరగాలి. నేను చెప్పేదంతా ఇదే, మిగతావి దీని చుట్టూ ఉన్న తంటాలు.

మా నానమ్మ జనగామ దగ్గర పల్లెటూళ్ళో పాత నేతచీరలతో బొంతలు కుట్టేది. ఆమె ఇంట్లో సగంలో ఆగిన బొంత ఒక్కటి కూడా చూసిన గుర్తు లేదు నాకు. ఎండాకాలం వాకిట్లో చాప పరిచి, చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, పొడుగు దారంతో కుట్టుకుంటూ పోయేది. చినిగిన చోట ఒక అతుకు. ఆపి లేస్తే, మళ్ళీ కూర్చున్నప్పుడు కుట్టు ఎక్కడ ఆగిందో కళ్ళ ముందే ఉండేది. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లాలో ఉండే, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ ఆడవాళ్ళు కుట్టే కవంది అనే అతుకుల బొంత కూడా ఇలాంటిదే, అంచు దగ్గర మొదలుపెట్టి అతుకులు కలుపుకుంటూ నడిమికి వస్తారు. మనం వీడియోల్లో నేర్చుకున్న పద్ధతి వేరు. ముక్కలు కత్తిరించాలి, వాటిని కలిపి బ్లాకులు (డిజైను చదరాలు) కుట్టాలి, వరసలు కలపాలి, నడిమి దూది షీటు, అడుగు గుడ్డ పెట్టి పిన్నీసులు గుచ్చాలి, మూడూ కలిపి కుట్టాలి, ఆఖరుకి చుట్టూ పట్టీ వేయాలి. ఇన్ని మజిలీలు ఉంటే ప్రతి మజిలీలోనూ ఒకటి దిగిపోతుంది మరి.

ఒక ఆదివారం ఖాళీ చేసుకోండి. అన్నీ మంచం మీద పోసి, ఒక్కోటి తీసి, ఎక్కడ ఆగిందో నోట్‌బుక్కులో రాయండి. ఎందుకు ఆగిందో కూడా పక్కనే ఒక ముక్క. గుడ్డ చాలలేదా, కొలత తప్పిందా, తర్వాతి పని అంటే భయమా, లేక మోజు తీరిపోయిందా. నా లిస్టులో ఒకదాని ఎదురుగా "చెల్లెలి మనవడి బారసాలకి" అని ఉంది. వాడు అప్పటికే ఒకటో తరగతి.

గుడ్డ కొని, మనసులో ఊహ ఉండి, ఇంకా కత్తెర పెట్టనివి ఉంటాయి చూడండి, వాటిని లెక్కలోంచి తీసేయండి. అవి బొంతలు కావు, గుడ్డలు. మామూలు గుడ్డల అరలోకి పోవాలి. ఇలా తీసేస్తే నాకు పద్నాలుగు కాస్తా పదయ్యాయి. ఏమీ కుట్టకుండానే నాలుగు తగ్గితే ఎంత టెన్షన్ తగ్గిందో చెప్పలేను.

ఇప్పుడు దేనితో మొదలుపెట్టాలి? చాలామంది చిన్నదాంతో అంటారు. నేనైతే చివరికి వచ్చిన వాటితో అంటాను. మూడు పొరలు కలిపేసిన బొంత ఒక్కటే అల్మరాలో ఒక అర మొత్తం తింటుంది. కత్తిరించిన ముక్కలు ఎన్ని ఉన్నా ఒక మిఠాయి డబ్బాలో పడుంటాయి. చుట్టూ పట్టీ మాత్రమే మిగిలిన రెండు బొంతలు నేను వారం రోజుల్లో ముగించాను. రెండున్నర అంగుళాల పట్టీలు కత్తిరించి, మధ్యకి మడిచి, ముందు వైపు మెషీన్ మీద, వెనక వైపు టీవీ చూస్తూ చేత్తో. ఆ రెండూ మంచాల మీదకి వెళ్ళగానే ఒక అర ఖాళీ. కార్పెంటర్ అవసరం అక్కడే తీరిపోయింది.

మిగిలినవాటిలో ఒక్కోదానికి ఒక్కో కవరు. చీరలు పెట్టుకునే జిప్పు కవర్లు ఉంటాయి కదా, ఒకవైపు పారదర్శకంగా, వెనక మెత్తటి గుడ్డలాంటిది ఉన్నవి, వాటిని మించినది నాకు దొరకలేదు. లోపల ఏముందో కనిపిస్తుంది, వెనక నుంచి కాస్త గాలి ఆడుతుంది. కవరులో ఆ బొంతకు సంబంధించినవన్నీ ఉండాలి: కత్తిరించిన ముక్కలు, మిగిలిన గుడ్డ, పేపర్ కటింగ్, నమూనాకు పూర్తయిన బ్లాకు ఒకటి, అదే రంగు దారం రీలు, ఆ దారం చుట్టిన బాబిన్. మిగిలిన గుడ్డని ఆ కవరు దాటనివ్వనని ఒట్టు పెట్టుకోండి. నేను ఒక బొంత అడుగు గుడ్డను "మిగిలిన ముక్కల" సంచీలో వేసి, ఆర్నెల్ల తర్వాత అదేమిటో మర్చిపోయి దిండు గలీబులు కుట్టేశాను. తర్వాత ఆ ముక్క పట్టుకుని జనరల్ బజార్ అంతా తిరిగాను, కోఠీ వెళ్ళాను, ఆ ప్రింటు మళ్ళీ దొరకలేదు. నిజం చెప్పాలంటే గలీబులు బాగానే కుదిరాయి.

ఇక చీటీ. కవరు ముందు వైపు చదవడానికి వీలుగా ఒక కాగితం పెట్టాలి. నాది ఒకటి ఇక్కడ రాస్తాను, అలాగే రాసుకోవచ్చు: "పాప బొంత, 36 బై 45. ముక్కలు 5 అంగుళాలవి 80, కుట్టాక నాలుగున్నర. అడ్డం 8, నిలువు 10 వరసలు. కుట్టుకు పావు అంగుళం. సూది 14 నంబరు. ఆరు వరసలు అయ్యాయి. తర్వాతి పని: ఏడో వరస, ఎడమ నుంచి. కొనాల్సింది: అడుగు గుడ్డ 44 బై 53, మీటరున్నర." అడుగు గుడ్డకి చుట్టూ నాలుగేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి కాబట్టి ఆ లెక్క. చీటీలో అన్నిటికన్నా ముఖ్యం "తర్వాతి పని". అది ఎంత చిన్నగా ఉంటే అంత మంచిది. "బొంత పూర్తి చేయాలి" అని రాస్తే ఆ కవరు ముట్టుకోబుద్ధి కాదు. "ఏడో వరస" అని ఉంటే పప్పు కుక్కర్‌లో పెట్టి వచ్చి కుట్టేయొచ్చు. ఆ రోజు పని ఆపి లేచేటప్పుడే ఈ ముక్క మార్చి రాయాలి, రేపు రాద్దాం అనుకుంటే అయినట్టే.

చదరపు ముక్కల వరస చెదరకుండా ఉండటానికి పూలదండ ఉపాయం చెప్తాను. ఒక వరసకి రావాల్సిన ముక్కల్ని వరుస క్రమంలో ఒకదాని మీద ఒకటి పెట్టి, మూలలో సూదితో దారం గుచ్చి వదులుగా ముడి వేయండి. ఆ దారానికే వరస నంబరు రాసిన చిన్న కాగితం. మంచం మీద పరిచినప్పుడు ఫోన్‌లో ఫోటో ఒకటి తీసుకుంటే ఇంకా నయం. ముక్కోణాల్ని మాత్రం ఇలా వేలాడదీయకండి, క్రాస్‌లో కత్తిరించిన అంచు సాగిపోతుంది. అట్ట మీద పరిచి మిఠాయి డబ్బాలో పెట్టండి.

చాలారోజులు పక్కన పెట్టేవాటిలో పిన్నీసులు, గుండుసూదులు ఉంచకండి. మన దగ్గర జులై నుంచి సెప్టెంబరు దాకా ఉండే తేమకి తుప్పు పడుతుంది, ఆ మరక ఒక పట్టాన పోదు. పిన్నీసులు తీసి, దూరం దూరంగా కచ్చా కుట్లు వేసి పెట్టండి. మాస్కింగ్ టేపు కూడా అంతే, వదిలేస్తే జిగురు గుడ్డకి పట్టేస్తుంది. గీతల పెన్నులతో జాగ్రత్త. గాలికి ఆరిపోయే ఊదా రంగు పెన్నుతో గీస్తే ఒకటి రెండు రోజుల్లో గీతే ఉండదు. ఇస్త్రీ వేడికి మాయమయ్యేది చలికి మళ్ళీ కనిపించే అవకాశం ఉంది. నీళ్ళతో పోయే పెన్ను గీతల మీద కడగకుండా ఇస్త్రీ పెడితే అవి అలాగే ఉండిపోవచ్చు. ఆగిపోయే పనికి మామూలు టైలర్ చాక్ మేలు, అదీ ఆ రోజు కుట్టగలిగినంత మేర మాత్రమే గీసుకోవాలి.

సజ్జ గురించి ఒక మాట. 2020 అక్టోబరులో హైదరాబాద్‌ని ముంచెత్తిన వానలు గుర్తున్నాయి కదా. మా సజ్జ వెనక గోడకి చెమ్మ దిగింది. డబ్బాలు మూత గట్టిగా ఉన్నవే, కానీ ఒకదాని మూత సరిగా పడలేదు. అందులో తెల్ల మల్లు గుడ్డ మీద ఎర్ర కలంకారీ అతుకులు వేసిన బొంత పై గుడ్డ ఉంది. తీసేసరికి ఎరుపు తెలుపులోకి పాకి, పైన నల్ల బూజు చుక్కలు. తప్పు వానది మాత్రమే కాదు. కలంకారీని ముందుగా తడిపి, తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందో లేదో చూసుకోకుండానే కత్తిరించాను. పోచంపల్లి నేతగుడ్డతో పని చేసినా ముందు ఈ పరీక్ష చేయండి. కొత్త నూలు గుడ్డ కాస్త కుంచించుకుపోతుంది కాబట్టి ఎలాగూ ఒక తడి పెట్టాల్సిందే.

అప్పటి నుంచి గుడ్డలేవీ బయటి గోడకి ఆనించను. పూర్తయిన పై గుడ్డల్ని మడవకుండా ప్యాంటు హ్యాంగర్‌కి వేలాడదీస్తాను, లేదా పాత చీరతో కలిపి చుట్టి పెడతాను. మడతపెట్టక తప్పకపోతే సంక్రాంతికోసారి, దసరాకోసారి మడత మార్చండి. కలరా ఉండలు వేసేటట్టయితే గుడ్డకి, ప్లాస్టిక్‌కి తగలకుండా పలచటి గుడ్డలో మూట కట్టి పెట్టండి. చిన్నపిల్లలు తిరిగే ఇల్లయితే అసలు వద్దు, మిఠాయి అనుకుని నోట్లో పెట్టుకుంటారు. నేను ఎండిన వేపాకు వాడతాను. అది పురుగుల్ని ఎంతవరకు ఆపుతుందో గానీ, నెలకోసారి ఆకు మార్చే వంకతో కవర్లన్నీ తెరిచి చూడటం అవుతుంది.

తర్వాతి పని భయపెట్టి ఆగినవి మీకూ ఉండే ఉంటాయి. నాకైతే మూడు పొరలు కలిపి కుట్టడం. ఇంటి మెషీన్‌లో సూదికీ పక్క స్తంభానికీ మధ్య ఆరేడు అంగుళాలే చోటు, అందులోకి డబుల్ కాట్ బొంత చుట్టి దూర్చాలంటే భుజాలు పడిపోతాయి. నేను రెండిటిని చేత్తోనే కుట్టాను, నానమ్మలాగే పొడుగు రన్నింగ్ కుట్టు. పాతకాలం బొంతలా ఉందని అందరూ అదే ఎక్కువ అడుగుతున్నారు. మోజు తీరినవాటిని మాత్రం బతిమాలకండి. అయిన నాలుగు బ్లాకుల్ని దిండు గలీబులు చేయండి, మెషీన్ మీద కప్పడానికి కవరు చేయండి, దూది షీటు నూలుదే అయితే వంటింట్లో వేడి గిన్నెలు దింపే మసిగుడ్డలు చేయండి (పాలిస్టర్ షీటు అయితే వద్దు, వేడికి కరుగుతుంది). నేను ఒక బొంత ముక్కలు మొత్తం, చీటీతో సహా, కింది ఫ్లాట్ అమ్మాయికి ఇచ్చేశాను. ఆమె నెలలో కుట్టేసింది. కాస్త కడుపు మండింది కూడా.

బాల్కనీలో ఇంటి లోపలి వైపు గోడకి ఆరు కొక్కేలు కొట్టించి, ఆరు కవర్లే వేలాడదీశాను. ఏడోది మొదలుపెట్టాలంటే ఒక కొక్కెం ఖాళీ కావాలి. ఈ నియమాన్ని రెండుసార్లు తప్పాను, రెండుసార్లూ జనరల్ బజార్ వెళ్ళొచ్చిన రోజే. మీకు తొమ్మిది ఉన్నాయి కాబట్టి, కత్తెర పెట్టనివి తీసేశాక బహుశా ఆరుకి దగ్గరగానే వస్తారు.

ఇప్పుడు నా కొక్కేలకి ఐదు ఉన్నాయి, నాలుగింటికి "తర్వాతి పని" స్పష్టంగా ఉంది. ఐదోది ఆ ఎరుపు పాకిన కలంకారీ. బూజు పోయింది, రంగు పోలేదు. దాని చీటీ మీద "ఏం చేయాలో అనుకోవాలి" అని రాసి రెండేళ్ళయింది. నేను చెప్పిన సూత్రం నాకే పనిచేయని కవరు అదొక్కటే. మీకేమైనా తోస్తే చెప్పండి.