దూరాన ఉన్నవాళ్ళతో వార్‌గేమ్ ఆడాలంటే ఫైళ్ళు పంపుకునే ఆటే మేలు

స్పెయిన్ అంతర్యుద్ధం మీద వచ్చిన బోర్డ్ వార్‌గేమ్, అంటే మ్యాప్ మీద సైన్యాల్ని కదిపే ఆట, ఆడాలనుకుంటున్నారు, మీ స్నేహితుడు వేరే దేశంలో ఉన్నాడు, వీడియో కాల్‌లో ఆడొచ్చా, అలా ఆడితే అసలు బాగుంటుందా అని అడిగారు. బాగుంటుంది. కానీ వీడియో కాల్ వద్దు. కంప్యూటర్‌లో రోజుకో ఎత్తు వేసి ఆ ఫైల్ పంపుకోండి. అంతర్యుద్ధం ఆటకి ఇంతకంటే మంచి పద్ధతి లేదు, ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను.

మాది అమలాపురం దగ్గర, వైనతేయ గట్టు కింద ఊరు. నాతో ఆడేది మా మేనమామ కొడుకు, డల్లాస్‌లో ఉంటాడు. చిన్నప్పుడు తాతగారి అరుగు మీద చదరంగం ఆడేవాళ్ళం. ఇప్పుడు ఆడేది క్రూసేడ్ అండ్ రివల్యూషన్ అనే స్పెయిన్ అంతర్యుద్ధం ఆట. ఇద్దరాడే ఆట, ఒకరిది రిపబ్లిక్, అంటే స్పెయిన్‌లో ఎన్నికైన ప్రభుత్వం, ఇంకొకరిది దాని మీద తిరగబడ్డ సైన్యాధికారి ఫ్రాంకో పక్షం. చేతిలో ఉన్న కార్డుని సైన్యం కదలికకైనా వాడుకోవచ్చు, దెబ్బతిన్న దళాల భర్తీకైనా వాడుకోవచ్చు, దాని మీద ఉన్న చారిత్రక ఘటనకైనా వాడుకోవచ్చు. ఒకదానికి వాడితే మిగతావి ఆ సారికి పోయినట్టే. తల పట్టుకుని కూర్చోవాల్సింది ఇక్కడే. అలా కూర్చోడానికి టైమ్ కావాలి కదా!

వీడియో కాల్‌లో ఆ టైమ్ ఉండదు. ఎండాకాలంలో డల్లాస్‌కీ మనకీ పదిన్నర గంటల తేడా. ఎవరో ఒకరు నిద్రకళ్ళతో ఆడాలి. దళాలకి గుర్తుగా పెట్టే అట్టముక్క మీద అంకె కెమెరాలో కనపడదు. ‘ఆ మూల ఉన్న దళం బలమెంత?’ అని అడిగామా, మన చూపు ఎక్కడుందో ఎదుటివాడికి తెలిసిపోతుంది. పైగా బోర్డు ఒకరింట్లోనే ఉంటుంది, రెండోవాడి కార్డులు వాడికి తప్ప ఎవరికీ కనపడకుండా పంచేదెవరు? కంప్యూటర్‌లో బోర్డు ఆటలు ఆడించే టేబుల్‌టాప్ సిమ్యులేటర్ చూడ్డానికి బాగుంటుంది, కానీ మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి, తెగని నెట్ కావాలి. ఈదురుగాలి వీస్తే మా ఊళ్ళో లైన్ పోతుంది. ర్యాలీ ద ట్రూప్స్ అని ఇంకొకటుంది, ఉచితం, బ్రౌజర్‌లోనే ఆడొచ్చు, రూల్స్ అదే చూసుకుంటుంది. మీ ఆట అందులో ఉంటే ప్రయత్నించండి.

మేం వాడేది వాసల్ అనే ప్రోగ్రామ్. అది కూడా ఉచితమే. నెట్ లేకపోయినా కంప్యూటర్‌లో తెరుచుకుంటుంది. మీరు కదిపిన ప్రతి ముక్కా, వేసిన ప్రతి పాచికా ఒక లాగ్ ఫైల్‌లోకి ఎక్కుతుంది. ఎదుటివాడు దాన్ని తెరిచి ఒక్కో అడుగూ నొక్కుకుంటూ మీ ఎత్తంతా చూడొచ్చు. మీ చేతిలో కార్డులు మీ పాస్‌వర్డ్‌తో తప్ప కనపడవు. చిన్న ఫైలే, వాట్సాప్‌లో పోతుంది. పాచికలు నచ్చకపోతే ఫైల్ మొదటి నుంచి తెరిచి మళ్ళీ వేసుకోవచ్చు కదా అంటారు కొందరు. వేసుకోవచ్చు. అలాంటివాడితో ఆడకండి, అంతే.

ఆటపెట్టె కొనడం గురించి కూడా చెప్పాలి. బయటి దేశం నుంచి తెప్పిస్తే కొరియర్ ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిసి తడిసి మోపెడవుతుంది. అంత పోసి తెచ్చుకున్నా మా కోనసీమ తేమకి మ్యాప్ అంచులు పైకి లేస్తాయి, వానాకాలంలో అట్టముక్కలకి బూజు పడుతుంది. ఫ్యాన్ వేస్తే ముక్కలు ఎగురుతాయి, ఆపితే ఉక్కపోత. దానికి తోడు ఇక్కడ కార్డులూ పాచికలూ కనపడితే చాలు, ‘ఎంతెంత పెట్టారు?’ అని అడుగుతారు. సంక్రాంతికి కోడిపందేల బరుల పక్కన గుండాట చూసీ చూసీ, పాచికంటే డబ్బే అనుకోవడం అలవాటైపోయింది. చరిత్ర నేర్పే ఆటలుంటాయని మన బళ్ళలో ఒక్క మాస్టారైనా పిల్లలకి చెబితే బాగుండు.

ఇక ఫైళ్ళ ఆట ఎందుకు గొప్పదో చెప్తాను. 2022 జూలైలో మా ఆట 1938 వేసవికి వచ్చింది. రిపబ్లిక్ నాది. అప్పటికే ఫ్రాంకో సైన్యం మధ్యధరా తీరానికి చేరి నా ప్రాంతాన్ని రెండు ముక్కలు చేసేసింది. అసలు చరిత్రలోనూ అంతే. అప్పుడు రిపబ్లిక్ చేసిన పనే నేనూ చేశాను, ఉన్న మంచి దళాలన్నీ కూడగట్టి ఎబ్రో నది దాటించాను. ఫైల్ పంపాను. ఆ తర్వాత గోదారి పెరగడం మొదలుపెట్టింది.

ధవళేశ్వరంలో 175 గేట్లూ ఎత్తేశారు. 17.75 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక వచ్చింది. ప్రవాహం పాతిక లక్షల క్యూసెక్కులు మించింది. లంకల్లోవాళ్ళు పశువుల్ని తోలుకొచ్చి గట్టు మీద కట్టేశారు. కరెంటు లేదు. రాత్రి మగవాళ్ళం వంతులు వేసుకుని గట్టు మీద తిరిగాం, ఎక్కడైనా నీళ్ళు ఊరుతున్నాయేమోనని టార్చి వేసి చూస్తూ. ఊట కనపడితే వెంటనే ఇసుక బస్తాలు వేయాలి, ఆలస్యమైతే గండే. రేవు మెట్ల దగ్గర పాతిన కర్ర మీద పెట్టిన గీత తెల్లారేసరికి మునిగిపోయింది. గుర్రపుడెక్క, కొబ్బరి మట్టలు, ఎక్కడిదో పాక కప్పు, అన్నీ కొట్టుకుపోతున్నాయి. ఆ నీటి శబ్దం విననివాళ్ళకి చెప్పడం కష్టం.

గట్టు ఎక్కితే ఫోన్‌కి కాస్త సిగ్నల్ అందేది. అక్కడ నిలబడే బావ పంపింది చదివాను. “ఒరేయ్, గోదారి ఎలా ఉంది? అత్తయ్యని డాబా మీదికి పంపించారా? ముందు అది చెప్పు, ఆట ఎక్కడికీ పోదు” అని మొదలుపెట్టాడు. కింద తన ఎత్తు గురించి రాసి, చివర్లో ఇంకో మాట రాశాడు. 1938 జూలై 24 అర్ధరాత్రి దాటాక రిపబ్లిక్ సైనికులు పడవల్లో ఎబ్రో దాటి వంతెనలు వేసుకుంటే, ఫ్రాంకో పక్షం ఎగువన ట్రెంప్, కమరాసా ఆనకట్టల నుంచి నీళ్ళు వదిలిందట. ఆ ఉరవడికి వంతెనలు కొట్టుకుపోయాయి. దాటినవాళ్ళకి వెనక నుంచి ట్యాంకులూ ఫిరంగులూ సమయానికి అందలేదు.

ఆ సంగతి నేను అంతకుముందే పుస్తకంలో చదివాను. అప్పుడది ఒక వాక్యం. గట్టు మీద నిలబడి చదివితే, అవతలి ఒడ్డున ఉండిపోయిన ఆ కుర్రాళ్ళు కళ్ళ ముందుకొచ్చారు. ఎబ్రో కూడా మన గోదారిలాగే సముద్రం దగ్గర డెల్టా కట్టింది, అక్కడా పండేది వరే. ఆ డెల్టాలోని అంపోస్తా దగ్గర దాటబోయిన అంతర్జాతీయ బ్రిగేడ్ దళం, రిపబ్లిక్ తరఫున పోరాడటానికి వేరే దేశాల నుంచి వచ్చినవాళ్ళ దళం, ఘోరంగా దెబ్బతింది. అంతకు నెల ముందే మన నెహ్రూ కృష్ణ మీనన్‌తో కలిసి బార్సిలోనా వెళ్ళి రిపబ్లిక్‌కి మద్దతు పలికి వచ్చారు. ఎక్కడో వేరే వాళ్ళ గొడవ అని కొట్టిపారేసేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి.

నా దళాల్ని వెనక్కి లాగాలా, నిలబెట్టాలా? వీడియో కాల్‌లో ఆడుతూ ఉంటే రెండు నిమిషాల్లో తేల్చేసేవాణ్ణేమో, అక్కడ అంతకంటే టైమ్ ఇవ్వరు. నీళ్ళు తగ్గేదాకా దాని గురించే ఆలోచించాను. రిపబ్లిక్ ప్రధాని నెగ్రిన్ ఎందుకు వెనక్కి రమ్మనలేదో అప్పుడు నాకు అర్థమైంది. యూరప్ అంతా హిట్లర్ మీద యుద్ధానికి దిగుతుంది, అందాకా నిలబడితే చాలని ఆయన ఆశ. సెప్టెంబర్ చివర్లో బ్రిటన్, ఫ్రాన్స్ హిట్లర్‌తో రాజీపడిన మ్యూనిక్ ఒప్పందంతో ఆ ఆశ పోయింది. అయినా నవంబర్ 16 దాకా వాళ్ళు నదికి అవతలే పోరాడారు. నేనూ నిలబెట్టాను. మంచి ఘటన ఉన్న కార్డుని కూడా దళాల భర్తీకే వాడేశాను. కరెంటు వచ్చాక ఫైల్ పంపితే బావ దాన్ని రెండుసార్లు తిప్పి చూశాడట. “ఇంత మొండిగా నిలబడతావనుకోలేదురా” అన్నాడు. ఆట చివరికి వాడే గెలిచాడు, బార్సిలోనా ఉన్న కాటలోనియా ప్రాంతం పోయాక నాకు నిలదొక్కుకునే చోటు లేకపోయింది.

అంతర్యుద్ధాన్ని ఆటగా ఆడటం తప్పు కదా అని నన్ను చాలామంది అడిగారు. అన్నదమ్ములు చంపుకున్నదాన్ని పాచికలతో ఆడతారా అని. నేను ఒప్పుకోను. 1937 మే నెలలో బార్సిలోనా వీధుల్లో రిపబ్లిక్ పక్షంవాళ్ళే ఒకరి మీద ఒకరు ఎందుకు కాల్చుకున్నారో, మిత్రులు ఆయుధాలివ్వకపోతే ఒక ప్రభుత్వం ఎలా ఊపిరాడక పోతుందో ఈ ఆట ఆడాకే నాకు అర్థమైంది. వేగంగా ఆడి ఎవరు గెలిచారో చూసుకుని పెట్టె మూసేసేవాళ్ళకి ఇవేవీ దొరకవు. నాకు కోపం తెప్పించేది వాళ్ళే.

మీరు మొదలుపెట్టేటప్పుడు ఫైల్ ఒక్కటే పంపకండి, దాంతోపాటు నాలుగు మాటలు రాయండి. ఎందుకలా కదిపారో చెప్పక్కర్లేదు, మీ ఊళ్ళో ఏం జరుగుతోందో రాసినా చాలు. ఫైల్ పేరులో సంవత్సరం, నెల, ఎత్తు సంఖ్య పెట్టండి, లేకపోతే పాత ఫైల్ తెరిచి గందరగోళమవుతుంది. వాసల్‌లో ఒక్కో ఆటకీ ఉండే ఫైల్‌ని మాడ్యూల్ అంటారు, ఇద్దరూ ఒకే మాడ్యూల్ వెర్షన్ దింపుకోండి. ఒక ఆట అయ్యాక వైపులు మార్చుకుని మళ్ళీ ఆడండి. మేం అదే చేస్తున్నాం. ఇప్పుడు ఫ్రాంకో నా చేతిలో ఉన్నాడు. అసలు ఫ్రాంకో 1936 సెప్టెంబర్లో మాడ్రిడ్ దారి వదిలి టొలెడో కోటలో చిక్కుకున్న తనవాళ్ళ కోసం పక్కకి తిరిగాడు. నేను తిరగలేదు, నేరుగా మాడ్రిడ్ మీదికే పంపాను.