30 డాలర్ల ఫ్రెంచ్ భోజనానికి మాకు అయిన ఖర్చు

న్యూయార్క్ రెస్టారెంట్లు ముందే ఖరారు చేసిన రాయితీ ధరకు భోజనం పెట్టే రెస్టారెంట్ వీక్‌లో, 30 డాలర్లకు మధ్యాహ్న భోజనం పెట్టే ఫ్రెంచ్ బిస్ట్రోకు, అంటే చిన్న రెస్టారెంటుకు, మీ అమ్మానాన్నలను తీసుకెళ్లవచ్చా, గొడ్డుమాంసం తినరు కాబట్టి ఇబ్బంది అవుతుందా అని అడిగారు. తప్పకుండా తీసుకెళ్లండి, కానీ మా అత్తగారితో వెళ్లినప్పుడు నేను చేసిన తప్పులు మీరు చేయకండి.

ముందు డబ్బు సంగతి. ఇద్దరికి 60 డాలర్లనే లెక్కతో వెళ్లాను. కూర్చోగానే నీళ్లు మామూలువా, గ్యాసువా అని అడిగారు. మొహమాటపడి గ్యాసు నీళ్లన్నాను, సీసా 9 డాలర్లు. అత్తగారు ఒక గుక్క తాగి, "గోలీసోడాకు తొమ్మిది డాలర్లా!" అన్నారు. ట్యాప్ వాటర్ చాలని చెబితే ఉచితంగానే పోస్తారు. నేను అడిగిన బాతు కాలికి 6 డాలర్లు అదనమని మెనూలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. మొత్తం 75. దానిమీద 8.875 శాతం పన్ను 6.66, ఇరవై శాతం టిప్పు 15. వెరసి 96 డాలర్ల 66 సెంట్లు. రాయితీ భోజనమే కదా అని టిప్పు తగ్గించకండి, వడ్డించేవారికి పనేమీ తగ్గదు.

ఇక అసలు గండం ఉల్లిపాయ సూపు. ఉల్లిపాయే కదా, ఇందులో ఏముంటుందిలే అనుకుని ఇద్దరికీ అదే చెప్పాను. మట్టిరంగు గిన్నె అంచుల మీదుగా చీజ్ కరిగి కారి, పైన ఎర్రగా మాడి పెచ్చు కట్టింది. చెంచాతో పొడిస్తే పెచ్చు విరిగి ఆవిరి పైకి వచ్చింది, కింద నానిన రొట్టె ముక్క, దాని కింద ముదురు గోధుమరంగు రసం. ఉల్లిపాయకు ఇంత రంగెక్కడిదని అప్పుడు అనుమానం వచ్చింది. వెయిటర్‌ను అడిగితే గొడ్డు ఎముకలు మరిగించిన రసమని ఉన్నమాట చెప్పాడు. ఈ సూపు సంప్రదాయంగా చేసేది అలాగే. అత్తగారి చెంచా అప్పటికే నోటిదాకా వెళ్లింది. నాకు పట్టింపు లేదు కానీ ఆవిడ ఎదురుగా తినలేక నాదీ పంపేశాను. విసుక్కోకుండా బదులుగా ఉడికించిన లీక్స్ మీద ఆవాల ముద్ద, వెనిగర్ కలిపి పోసి తెచ్చారు. ఉల్లికాడలకు పెద్దన్నలాంటివి, చల్లగా, పుల్లగా బాగున్నాయి. తర్వాత వచ్చిన బాదం పలుకుల ట్రౌట్ చేపను ఆవిడ మారుమాట లేకుండా తినేశారు. ముల్లు లేని చేపకు రుచేమిటి అన్నారు గానీ పళ్లెం ఖాళీ అయింది.

బాతు మాత్రం ఆ 6 డాలర్లకూ న్యాయం చేసింది. తన కొవ్వులోనే గంటల తరబడి మెల్లగా ఉడికించి, చివర్లో చర్మం కరకరలాడేలా వేయిస్తారు. ఇంట్లో మనం చేసుకునే పని కాదు. ఇలాంటివే ఎంచుకోండి. ఆమ్లెట్, సలాడ్ తీసుకుంటే మామూలు మెనూ ధరకూ దీనికీ పెద్ద తేడా ఉండదు, రెండు మెనూలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. మెనూలో ఆంత్రే అన్న మాట కనిపిస్తే తికమకపడకండి, అమెరికాలో దానికి ప్రధాన వంటకమని అర్థం, పారిస్‌లో అదే మాటకు భోజనానికి ముందు వచ్చే చిన్న వంటకమని అర్థం.

ఈ రెస్టారెంట్ వీక్ పథకం 1992లో డెమోక్రాటిక్ పార్టీ జాతీయ సదస్సు న్యూయార్క్‌లో జరిగినప్పుడు మధ్యాహ్న భోజనంతోనే మొదలైంది. ఆ ఏటి అంకెనే ధర చేసి 19 డాలర్ల 92 సెంట్లు పెట్టారు. నా దృష్టిలో ఇప్పటికీ లాభం మధ్యాహ్నమే. రాత్రి 45, 60 ధరలకు వెళితే పక్కన వైను కూడా చేరి బిల్లు ఎక్కడికో పోతుంది. చాలాచోట్ల శనివారం ఈ మెనూ ఉండదు, కాబట్టి బుక్ చేసేముందు ఫోను చేయండి. సూపు సంగతితోపాటు బంగాళదుంప ఫ్రైస్ దేనిలో వేయిస్తారో కూడా అప్పుడే అడగండి, కొన్నిచోట్ల అందుకు గొడ్డు కొవ్వు వాడతారు.