నల్ల కారు గీతలకి 37 శాతం వడ్డీ కట్టాలా?

ప్రశ్న: మాది ఒడిశాలో రాయగడ. ప్రైవేటు ఉద్యోగం, చేతికొచ్చే జీతం 46,000. కారు ఈఎంఐతో కలిపి నెల ఖర్చు 40,000. బ్యాంకులో 22,000 ఉన్నాయి. ఇంట్లో అమ్మ, భార్య, ఇద్దరు పిల్లలు. ఆఫీసు ఇచ్చిన ఆరోగ్య బీమా ఉంది. మా నల్ల కారుకి నాలుగో ఏడు నడుస్తోంది. పండక్కి ఇంట్లోనే కడిగి వ్యాక్స్ పెడితే గీతలు పోకపోగా ఎండలో సాలెగూడులా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి. కుడి తలుపుల మీద కొన్ని గీతల్లో తెల్లగా ఉండిపోయింది. విశాఖలో పాలిష్, సిరామిక్ కోటింగ్ కలిపి 38,000 అన్నారు. ఫోన్‌లో ఒక యాప్ 40,000 లోన్ ఇస్తానంటోంది: 17 శాతం వడ్డీ, 12 నెలలు, నెలకి 3,900, ప్రాసెసింగ్ ఫీజు 1,200, దాని మీద జీఎస్టీ. తీసుకోమంటారా? లేక ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేసి తలుపులకి రంగు వేయించమంటారా? షెడ్డులో రెండు తలుపులకి 9,500 అడిగారు.

జవాబు: రెండూ వద్దండీ. మీ దగ్గరున్న 22,000 పట్టుమని పదహారు రోజుల ఇంటి ఖర్చు. అలాంటి ఇంట్లో కారు మెరుపు కోసం ఏడాది అప్పా? ఈ తప్పు మీ ఒక్కరిదే అయితే ఇంత పొడుగు జవాబు రాసే పని ఉండేది కాదు.

ముందు ఆ 17 శాతం సంగతి చూద్దాం. ఫీజు 1,200, దాని మీద 18 శాతం జీఎస్టీ 216 పట్టుకుని మీ ఖాతాలో వేసేది 38,584. మీరు కట్టేది 3,900 చొప్పున పన్నెండు సార్లు, అంటే 46,800. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు అసలు మీదే వేశారు. లెక్క కడితే నెలకి నూటికి మూడు రూపాయల పైన, ఏడాదికి దాదాపు 37 శాతం పడుతుంది. బజార్లో ఎవరైనా నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే మీరు లేచి వచ్చేస్తారు. యాప్ అడిగితే మాత్రం ఓటీపీ కొట్టేస్తారు! లోన్ ఇచ్చేముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (లోన్ షరతులు, ఖర్చులు ఒకచోట రాసిన కాగితం) ఇవ్వాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. అందులో ఏపీఆర్ (ఫీజులు కూడా కలిపిన ఏడాది వడ్డీ శాతం) అన్న వరుస ఒక్కటి చదవండి, మిగతా రంగుల బొమ్మలు వదిలేయండి. బంగారం తాకట్టు వడ్డీ దీనికంటే తక్కువే, అయినా గీతల కోసం గాజులు బ్యాంకులో పెట్టడమేమిటి?

ఇక కారు. వ్యాక్స్ గీతల్ని తీయదు. పైన పల్చటి పొర వేసి మెరుపు పెంచుతుంది, అంతే. నలుపు, ముదురు నీలం రంగుల మీద మెరుపు పెరిగేకొద్దీ సన్న గీతల అంచులు వెలుగుని విడిగా కొడతాయి, అందుకే ఎండలో ఇంకా ఎక్కువ కనిపిస్తాయి. కొన్ని వ్యాక్సుల్లో గీతల్ని పూడ్చే పదార్థం ఉంటుంది, రెండు మూడు సార్లు కడగ్గానే అదీ పోతుంది. సిరామిక్ కోటింగ్‌దీ అదే కథ. కింద గీతలుంటే వాటి మీదే గట్టిగా కూర్చుంటుంది. మీకు చెప్పిన 38,000లో నిజంగా గీతలు తీసే పని పాలిష్ ఒక్కటే.

తెల్లగా కనిపిస్తున్నది రెండింటిలో ఒకటి కావచ్చు: గీతలో ఎండిపోయిన వ్యాక్స్, లేదా రంగు లేచిపోయి బయటపడ్డ ప్రైమర్ (రంగు కింది మొదటి పూత). ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్ళు సమపాళ్ళలో కలిపి, మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో మెల్లిగా రుద్ది మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. తెలుపు పోతే అది వ్యాక్సే. పోకపోతే గోరు అడ్డంగా లాగి చూడండి. గోరు తట్టుకుందంటే ఆ గీత పాలిష్‌తో పోయేది కాదు, టచప్ రంగు వేయాల్సిందే. గోరు జారిపోయి, నీళ్ళు చల్లినప్పుడు గీత మాయమైతే అది రంగు పైనున్న పారదర్శక పొర, అంటే క్లియర్ కోట్‌లోనే ఉందని అర్థం.

ఆ క్లియర్ కోట్ కంపెనీ రంగులో సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మాత్రమే. పాలిష్ చేసిన ప్రతిసారీ అందులోంచే కొంత అరుగుతుంది. అందుకే షాపులో కుర్రాడు ఇచ్చిన ముతక రబ్బింగ్ కాంపౌండ్‌తో మొదలెట్టకండి, మెత్తటి ఫినిషింగ్ పాలిష్‌తో మొదలెట్టండి. ముందు షాంపూతో కడగాలి. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకటి షాంపూకి, ఒకటి గుడ్డ జాడించడానికి. బండి నీడలో ఉండాలి, రేకు చేతికి చల్లగా తగలాలి. వేడి రేకు మీద పాలిష్ ఎండిపోయి కొత్త గీతలు పెడుతుంది. ప్లాస్టిక్ బీడింగుకీ తలుపు అంచులకీ మాస్కింగ్ టేపు వేయండి, అంచుల దగ్గర రంగు ఇట్టే లేచిపోతుంది. ఫోమ్ ప్యాడ్ మీద బఠాణీ గింజంత చుక్కలు నాలుగు వేసి, ఒక అడుగు చదరంలో మాత్రమే, అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి, పాలిష్ పల్చబడి పారదర్శకం అయ్యేదాకా రుద్దండి. తుడిచాక మళ్ళీ ఆల్కహాల్ నీళ్ళు కొట్టి, ఫోన్ టార్చ్ ఏటవాలుగా పట్టి చూడండి. ఆల్కహాల్ కొట్టకపోతే పాలిష్‌లోని నూనె గీతల్ని దాచేసి, పోయాయనిపిస్తుంది. ఆ అడుగు చదరం బాగుంటే మిగతాది చేయండి. చాలకపోతేనే ఒక మెట్టు గట్టి పాలిష్. చివర్లో వ్యాక్స్, వీలైనంత పల్చగా.

చేత్తో చేస్తే గీతలు తగ్గుతాయి గానీ పూర్తిగా పోవు. ఆ మాట ముందే చెబుతున్నాను. పాలిష్, ప్యాడ్లు, గుడ్డలు, టచప్ సీసా అన్నీ కలిపి రెండున్నర వేలలో సర్దుకోవచ్చు. టచప్‌కి రంగు కోడ్ మీ కారు మీదే స్టిక్కరుగా ఉంటుంది, చాలా కార్లలో డ్రైవరు తలుపు పక్క స్తంభం మీదో బానెట్ కిందో. షెడ్డులో చేయిస్తే, ఒకే దిక్కున గిర్రున తిరిగే పాత బఫింగ్ మెషిన్ నల్ల రంగు మీద పెట్టనివ్వకండి. అనుభవం లేని చేతిలో అది అంచులు కాల్చి, ఎండలో చారలు మిగులుస్తుంది. అసలు ఈ గీతలు ఎక్కడివంటారా? పొద్దున్నే ఒకే తడిగుడ్డతో ఎర్ర దుమ్ముని రుద్దడం వల్ల. ముందు నీళ్ళు పోసి దుమ్ము కారిపోనివ్వండి, గుడ్డ ఆ తర్వాత.

క్లెయిమ్ మాటకొస్తే, తుడవడం వల్ల పడ్డ సన్న గీతలు అరుగుదల కిందకొస్తాయి, పాలసీ ఇవ్వదు. తలుపుల మీద లోతు గీతలకే అడగాలి. అవి వేర్వేరు రోజుల్లో పడ్డవైతే సర్వేయరు వేర్వేరు క్లెయిములు అనవచ్చు. ఒకే క్లెయిమ్ అనుకుందాం: 9,500లో పెయింటు సామాను తరుగు దాదాపు 1,190, ప్రతి క్లెయిములో మీరే భరించాల్సిన తప్పనిసరి కోత 1,000 (1,500 సీసీ లోపు కారుకి) తీసేస్తే మీకు దక్కేది 7,300 చిల్లర. జీరో డెప్ (తరుగు కోయని అదనపు కవర్) ఉంటే ఆ తరుగు పోదు. పోగొట్టుకునేది చూడండి. మూడేళ్ళు క్లెయిమ్ లేకపోతే 35 శాతం నో క్లెయిమ్ బోనస్ (ప్రీమియంలో తగ్గింపు), వచ్చే రెన్యువల్‌కి 45, ఆపైన 50. ఇప్పుడు క్లెయిమ్ చేస్తే సున్నా నుంచి మళ్ళీ 20, 25, 35, 45. ఓన్ డ్యామేజ్ ప్రీమియం (మీ కారు దెబ్బలకి కట్టే భాగం) 9,000 అనుకుంటే మీరు పోగొట్టుకునే తగ్గింపు మొదటి ఏడు 4,050, తర్వాత 2,700, 2,250, 1,350, 450. మొత్తం 10,800. కారు విలువ తగ్గేకొద్దీ ఇది కొంత తగ్గుతుంది, అయినా లాభం లేని బేరమే.

ఇప్పుడు అసలు విషయం. రాయగడలో రాత్రి అమ్మగారికి గుండె నొప్పి వస్తే మీరు బయల్దేరేది విశాఖకే. అంబులెన్సు పార్వతీపురం దాటేసరికి అడ్వాన్సు ఎంత కట్టాలోనని ఫోన్లు మొదలవుతాయి. మీరుండేది ఒడిశాలో, ఆంధ్ర ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) మీకు రాదు. ఆఫీసు పాలసీలో అమ్మగారి పేరు ఉందో లేదో ఈ వారమే అడగండి. ఉద్యోగం మారిన రోజున ఆ పాలసీ మీతో రాదు. సొంతంగా ఫ్యామిలీ ఫ్లోటర్ (కుటుంబమంతటికీ కలిపి ఒకే ఆరోగ్య పాలసీ) ఒకటి, అమ్మగారికి విడిగా ఒకటి తీసుకోండి. ముందునుంచీ ఉన్న జబ్బులకి గరిష్ఠంగా మూడేళ్ళు ఆగాల్సి రావచ్చు, కాబట్టి ఆలస్యం చేసిన ప్రతి ఏడూ నష్టమే. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు.

అత్యవసర నిధి మీకు ఆరు నెలల ఖర్చు, అంటే 2,40,000 ఉండాలి. ఈ నెల మిగిలే 6,000లోంచి పాలిష్ సామాను కొనుక్కోండి. యాప్‌కి కట్టడానికి సిద్ధపడ్డ 3,900ని వచ్చే నెల నుంచి, జీతం పడ్డ మర్నాడే, ఆర్డీకి మళ్ళించండి. ఏడాదికి వడ్డీ కాకుండా 46,800 అవుతుంది. ఉన్న 22,000తో కలిపి 68,800, నెలన్నర ఖర్చు పైచిలుకు. మిగిలే 2,100 ఆరోగ్య ప్రీమియానికి. కారు లోన్ తీరాక ఆ ఈఎంఐ కూడా ఈ నిధిలోకే. ఆరు నెలలు నిండేదాకా మ్యూచువల్ ఫండ్ల గురించి నన్ను అడగొద్దు.

కారు పాలసీ గడువు ఎప్పుడో మీరు రాయలేదు. గడువు దాటి 90 రోజుల్లోపు రెన్యువల్ చేయకపోతే క్లెయిమ్ చేయకుండా దాచుకున్న బోనస్ మొత్తం పోతుంది. ఈ రాత్రే పాలసీ కాగితం తీసి ఆ తేదీ చూడండి.