విరగడం కాదు, నలగడం నేర్వాలి

ప్రశ్న: మా అబ్బాయి హనుమకొండలో మెకానికల్ బీటెక్ మూడో సంవత్సరం. దోస్తులంతా సాఫ్ట్‌వేర్ కోచింగ్‌కు పోతుంటే వీడు కార్బన్ ఫైబర్, కార్ క్రాష్ అంటున్నాడు. ఇందులో బతుకుదెరువు ఉంటుందా సార్?

జవాబు: ఉంటుంది. కాకపోతే బీటెక్ పట్టా చేతికి రాగానే కాదు. గేట్ రాసి ఎంటెక్ చేసేదాకా ఇల్లు ఆగగలదా అన్నది ముందు తేల్చుకోండి.

అబ్బాయి చెప్పేది పిచ్చి కాదు. కారు గుద్దుకున్నప్పుడు ముందుభాగంలోని స్టీలు గొట్టం డబ్బా రేకులా మడతలు పడుతుంది, దెబ్బను ఆ మడతలే తింటాయి. కార్బన్ ఫైబర్ అంటే సన్నటి కార్బన్ పోగులను జిగురుతో పొరలు పొరలుగా అతికించింది. అది అలా మడత పడదు, పెళుసు. సరిగ్గా కడితే కొన నుంచి పొరలు విడిపోతూ, పొడి రాలుతూ నలుగుతుంది. కిలోకు కిలో లెక్కేస్తే స్టీలు కంటే కొన్ని రెట్లు ఎక్కువ శక్తిని మింగుతుంది. లేదంటే నడుమకు ఫట్‌మని విరుగుతుంది. ఈ రెంటికీ తేడా ఒక్కోసారి గొట్టం అంచును ఏటవాలుగా అరగదీయడమే. దాన్నే ట్రిగ్గర్ అంటారు. పోగులు ఏ కోణంలో పరిచారన్నదీ ముఖ్యమే. పడుగు, పేక సంగతి మన కొత్తవాడ నేతగాళ్లకు చెప్పాలా?

ఇప్పుడే కోర్సులకు ఫీజులు కట్టకండి. కార్బన్‌కు బదులు గ్లాస్ ఫైబర్ (గాజు పోగులు), ఎపాక్సీ (వాటిని అతికించే జిగురు) కొనిచ్చి ఒకే కొలతతో పది గొట్టాలు చేయమనండి. ఐదింటి అంచు 45 డిగ్రీలకు చెక్కి, మిగతా ఐదు అలాగే ఉంచి, కాలేజీ యూటీఎం (వస్తువులను నొక్కి, లాగి బలం కొలిచే యంత్రం) మీద నొక్కాలి. గొట్టం ఎంత నలిగితే ఎంత బలం పట్టిందో చూపే లోడ్ గీత మొదట లేచి, కొంచెం దిగి, తర్వాత చదునుగా సాగితే పని కుదిరినట్టు. గీత కింది వైశాల్యమే మింగిన శక్తి. చెక్కినవాటిలో నాలుగు బాగా నలిగి ఐదోది చీలిందనుకోండి, బాధపడొద్దు. లోపల గాలి బుడగ ఉందా, గోడ మందం తేడా వచ్చిందా అని ఆ ఐదోదాన్ని కోసి చూడాలి. ఇంటర్వ్యూలో చెప్పాల్సిన కథ అదే. కంప్యూటర్లో గుద్దించి చూసే రంగుల సిమ్యులేషన్ బొమ్మలు అందరి దగ్గరా ఉంటాయి. పరీక్షతో సరిచూడని బొమ్మను నేనైతే నమ్మను. యూటీఎం నెమ్మదిగా నొక్కుతుంది, అసలు గుద్దు క్షణంలో అయిపోతుంది అన్నదీ వాడికి గుర్తుండాలి.

కాలేజీలో ఫార్ములా స్టూడెంట్ (విద్యార్థులే రేసు కారు తయారుచేసే పోటీ) టీం ఉంటే చేరమనండి. అక్కడి లెక్క పక్కాగా ఉంటుంది: 300 కిలోల బండి సెకనుకు 7 మీటర్ల వేగంతో గుద్దితే సగటు తాకిడి 20 జీ, గరిష్ఠం 40 జీ దాటకూడదు (ఒక జీ అంటే భూమి ఆకర్షణ వల్ల కలిగే త్వరణం).

ఉద్యోగాలు పుణె, చెన్నై, బెంగళూరు కార్ల డిజైన్ కేంద్రాల్లో, హైదరాబాద్ రక్షణ, విమాన రంగాల్లో ఉంటాయి. మన రోడ్ల మీది కార్లు ఎక్కువగా స్టీలువే కాబట్టి మొదటి కొలువు స్టీలు మీదే రావచ్చు, వద్దనకూడదు.

గొట్టాలు మాత్రం ఇంట్లో కోయనివ్వకండి. గ్లాస్ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వర్క్‌షాప్‌లోనే, మాస్కు, గ్లౌజులు వేసుకుని కోయమనండి.