సందేహాలు – సమాధానాలు: నాకు పట్టదా? నేను పట్టించుకోనా?

సందేహం: జర్మన్ నేర్చుకుంటున్నాను. అక్కడి జాతీయాల్ని సహజమైన ఇంగ్లీషులోకి మార్చమని అభ్యాసాలిస్తున్నారు. ‘దస్ ఇస్ట్ మీర్ వుర్స్ట్’ అంటే మాటకు మాట ‘అది నాకు సాసేజ్’. ‘ఐ డోంట్ కేర్’ అని రాస్తే ఒకచోట ఒప్పు, ఒకచోట తప్పు అంటున్నారు. ఎందుకు? తెలుగులో ‘నాకు పట్టదు’, ‘నేను పట్టించుకోను’ రెండూ ఒకటేనా?

సమాధానం: ఒకటి కాదు. మీ రెండో ప్రశ్న తేలితే మొదటిది దానంతటదే తేలుతుంది. ‘పట్టించుకోను’ అనేవాడు తన నిర్ణయం చెబుతున్నాడు, తెలిసే పక్కన పెడుతున్నాడు. ‘పట్టదు’లో నిర్ణయం లేదు. ఆ సంగతి మనసుకు ఎక్కదు, అంతే. అందుకే మనిషి కర్తగా కాకుండా ‘కు’ విభక్తిలో ఉంటాడు.

సాసేజ్‌ను వదిలేసి ‘మీర్’ను చూడండి. అది మన ‘నాకు’. చలేస్తే జర్మన్లు ‘మీర్ ఇస్ట్ కాల్ట్’ అంటారు, అచ్చం ‘నాకు చలిగా ఉంది’ అన్నట్టే. ‘ఇఖ్ బిన్ కాల్ట్’ అంటే ఆప్యాయత లేని మనిషినని చెప్పుకున్నట్టు ధ్వనిస్తుంది. ఇంగ్లీషు మాత్రం ఇలాంటిచోట ‘ఐ’ని కర్తను చేసి కూర్చోబెడుతుంది. దాంతో ‘ఐ డోంట్ కేర్’లో మూలంలో లేని పొగరు ఒక్కోసారి వచ్చి చేరుతుంది.

టీయా కాఫీయా అని అడిగితే జర్మన్ స్నేహితుడు ‘ఇస్ట్ మీర్ ఎగాల్’ (నాకు ఏదైనా ఒకటే) అన్నాడనుకోండి. అక్కడ ‘ఐ డోంట్ మైండ్’ రాయాలి. మన ‘ఏదైనా పర్లేదు’ అదే కదా! ఊళ్లోవాళ్లు ఏమనుకుంటారో అని ఎవరో భయపెడితే వచ్చే ‘వుర్స్ట్’కు మాత్రం ‘ఐ కుడంట్ కేర్ లెస్’ బాగా అతుకుతుంది. తెలుగులో ‘అయితే నాకేంటి?’ చాలు.

‘మీర్’ కనబడ్డ ప్రతిచోటా ‘ఐ’ వేసెయ్యకండి. ‘డూ గేస్ట్ మీర్ ఔఫ్ డెన్ కేక్స్’ మాటకు మాట ‘నువ్వు నాకు బిస్కెట్ మీదికి వెళ్తున్నావు’. నవ్వొస్తుంది గానీ అర్థం విసిగిస్తున్నావనే. ఇంగ్లీషులో ఆ ‘నాకు’ కాస్తా ‘నా’ అవుతుంది: ‘యు ఆర్ గెటింగ్ ఆన్ మై నర్వ్స్’. తెలుగులో దీనికి ‘బుర్ర తింటున్నావు’ అనేస్తుంటారు. అది వాగుడుతో విసిగించేవాడికే నప్పుతుంది. మాటా పలుకూ లేకుండా పక్కన కూర్చుని గంటసేపు పెన్ను టకటకలాడించేవాడికి ‘ప్రాణం తీస్తున్నావు’ అనాలి.